అక్కడ ఓడిన దొర ఇక్కడ ఏలాడు

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జులై 4తో 250 ఏళ్లు. పదమూడు వలసలు ఒక మహా సామ్రాజ్యాన్ని ఎదిరించి గెలిచిన ఆ చరిత్రలో మన తెలుగు నేలకు తగిలే కొస ఒకటుంది. దాన్ని గుర్తుచేయడం మా బాధ్యత అనుకుంటున్నాం.

ఫ్రాన్స్‌తో ఏడేళ్లు పోరాడి గెలిచిన బ్రిటన్ అప్పుల్లో మునిగింది. ఆ భారంలో కొంత వలసల నెత్తిన పెట్టేందుకు 1765లో పత్రాలు, పత్రికల వంటి కాగితాలపై పన్ను వేసే స్టాంపు చట్టం తెచ్చింది. పార్లమెంటులో మా మనిషి ఒక్కడూ లేనప్పుడు మాపై పన్నెలా వేస్తారని జనం నిలదీశారు. బ్రిటిష్ సరుకు కొనడం మానేశారు. వ్యాపారం దెబ్బతిని లండన్ వర్తకులే గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాదే చట్టం రద్దయింది. యుద్ధం రాకముందే సామాన్యులు సాధించిన ఈ గెలుపు యుద్ధ విజయాలకు ఏమాత్రం తీసిపోదు. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో తేయాకు పన్నుకు నిరసనగా వలసవాసులు నీటిపాలు చేసిన 342 పెట్టెల తేయాకు ఈస్టిండియా కంపెనీది. స్టాంపు చట్టం వచ్చిన ఏడాదే మొగలు చక్రవర్తి నుంచి మన తెలుగు కోస్తాలోని ఉత్తర సర్కారులపై ఫర్మానా (రాజాజ్ఞ) పుచ్చుకున్న కంపెనీ అదే.

1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్, కాంకర్డ్‌ల దగ్గర యుద్ధం మొదలైంది. 1777-78 చలికాలంలో వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో చాలినంత తిండీ బట్టా లేక, రోగాలు ముసిరి, వలసల సేనాధిపతి వాషింగ్టన్ సైనికులు వందల్లో చనిపోయారు. అయినా సేన చెదిరిపోలేదు. అంతకుముందే సారటోగాలో దక్కిన విజయం ఫ్రాన్స్‌కు నమ్మకమిచ్చింది, 1778లో చేయి కలిపింది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర సముద్రం దారిని ఫ్రెంచి నౌకలు మూసేయకపోతే బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్ చిక్కేవాడు కాదు. అక్టోబరు 19న ఆయన సేన ఏడు వేల మందికి పైగా లొంగిపోయింది. ఒంట్లో బాగోలేదంటూ ఆయన మాత్రం ఆ తంతుకు రాలేదు. 1783 పారిస్ ఒప్పందంతో బ్రిటన్ వలసల స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది.

ఆ స్వేచ్ఛ బానిసలకు అందలేదు. స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానమేనని రాసిన జెఫర్సన్ కిందే వందలాది మంది బానిసలుండేవారు. దేశమంతటా బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా పట్టింది. తమ భూములను పంచుకున్న పారిస్ చర్చల్లో ఆదివాసులకు చోటే లేదు.

ఓడిన కారన్‌వాలీస్‌ను లండన్ పక్కన పెట్టలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాకు పంపింది. 1793లో ఆయన బెంగాల్‌లో తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి (జమీందార్లు కట్టాల్సిన శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేయడం) 1802 నుంచి ఉత్తర సర్కారులకూ వచ్చింది. శిస్తు హక్కు జమీందార్ల చేతికి పోయింది, రైతు వాళ్ల దయ మీద బతకాల్సి వచ్చింది. ఆ వ్యవస్థను రద్దు చేసే చట్టం 1948లో గానీ రాలేదు. బడిలో యార్క్‌టౌన్ గురించి చెప్పే రోజునే మన పిల్లలకు ఈ సంగతీ చెప్పాలని పాఠ్యపుస్తకాలు రాసేవారిని కోరుతున్నాం.