ఎండాకాలమని టైర్లలో గాలి తీయకండి

ఎండలు ముదిరితే చాలు, అదే మెసేజ్. అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, ఎవరి పెళ్లికో పెట్టి మూసేయని చుట్టాల గ్రూపులో కూడా. ‘వేసవిలో టైర్లు పేలుతున్నాయి, గాలి అయిదు పాయింట్లు తగ్గించి కొట్టించండి. హైవే మీద కారు స్క్రీన్‌లో టైరు ప్రెషర్ 38 (పీఎస్‌ఐ) కనబడితే ఆపి 33కి దించండి. టైరు గాలి హెచ్చరిక లైటు వెలిగితే సెట్ బటన్ నొక్కండి, పోతుంది. నైట్రోజన్‌కి ప్రెషర్ మారదు. బంకుల్లో గేజీలు నమ్మొద్దు.’ కింద వరసగా దండాలు.

నైట్రోజన్ గురించి ఒక్క మాట. మామూలు గాలిలోనే అది 78 శాతం. వేడికి అదీ పెరుగుతుంది.

అసలు ప్రమాదం ఆ 38 దగ్గర ఉంది. డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉండే అంకె, ఉదాహరణకి 33, చల్లగా ఉన్న టైరు లెక్క. పొద్దున్న విశాఖ ఎంవీపీ కాలనీలో 28 డిగ్రీలప్పుడు 33 ఉన్న టైరు, ఆనందపురం దాటి శ్రీకాకుళం వైపు పోతుండగా లోపలి గాలి 58 డిగ్రీలకి చేరితే 38 దగ్గర చూపిస్తుంది. చూపించాలి కూడా. టైరు తయారుచేసినవాళ్లు ఈ పెరుగుదలని లెక్కలో వేసుకునే చేశారు. మీరు అక్కడ ఆపి 33కి దించితే, మర్నాడు పొద్దున్నకి అందులో ఉండేది 29 లోపే. దాని మీద ఇంటిల్లిపాదినీ, సామాన్లనీ ఎక్కించుకుని అరకు ఘాట్ ఎక్కుతారా?

టైరు పేలేది ఎక్కువగా గాలి తక్కువైనప్పుడు. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతుంటే వంపు దగ్గర కాలినట్టే, గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ నలిగి వేడెక్కుతుంది. పైగా ఎండ, స్పీడు, బరువు. అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తాపడి వంద మందికి పైగా పోయాకే, 2000లో చట్టం చేసి కార్లలో ఈ హెచ్చరిక లైటు పెట్టించారు. తక్కువ గాలిని పట్టుకోవడానికి పెట్టిన పరికరాన్ని చూసి గాలి తీసేయమనడం ఏం తెలివి?

లైటు కాపాడుతుందిలే అనుకోకండి. అమెరికా నిబంధన ప్రకారం నిర్ణీత ప్రెషర్‌కి 25 శాతం తగ్గితే వెలగాలి. 33కి అది 25 దగ్గర. 29 దగ్గర లైటు వెలగకపోవచ్చు.

సెట్ బటన్ సలహా ఇంకా ఘోరం. కొన్ని కార్లలో చక్రాల్లో ప్రెషర్ సెన్సర్లే ఉండవు. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదై మిగతావాటికంటే జోరుగా తిరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఆ తేడాని పట్టుకుంటుంది. గాలి సరిచేయకుండా సెట్ నొక్కితే, తగ్గిన ప్రెషరే సరైనదని కారుకి మీరే నేర్పినట్టు. మేనేజర్‌కి మెయిల్ పెట్టేముందు నాలుగుసార్లు చదువుకునేవాళ్లు, పిల్లలు కూర్చునే బండి గురించి ఇలాంటిది చదవకుండానే పంపించేస్తున్నారు. నాకు కోపం అందుకే.

గేజీల మాట మాత్రం నిజం. ఒకే టైరుకి రెండు బంకుల్లో రెండు అంకెలు చూశాను. చిన్న గేజీ ఒకటి కొనుక్కుని, నెలకోసారి పొద్దున్నే బండి తీయకముందు స్టెప్నీతో సహా చూసుకోండి. ఇంకోసారి ఆ మెసేజ్ వస్తే, ఆ చివరి లైను ఒక్కటీ ఉంచి, పైదంతా చెరిపేసి పంపండి.