హెడ్డింగు చివర నిలబడే ప్రశ్నార్థకం గారికి

అయ్యా,

మీరు పుట్టింది అడగడానికి. మా పత్రికల్లో స్థిరపడింది మాత్రం చెప్పీ చెప్పనట్టు చెప్పడానికి. ఇన్నేళ్ల మీ సేవకు థ్యాంక్స్ చెప్పిన నాథుడు లేడు కాబట్టి ఈ ఉత్తరం.

రాత్రి తొమ్మిదిన్నరకు జిల్లా విలేకరి నుంచి వార్త కాపీ వస్తుంది. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలవాల్సిన చోట, ఎమ్మెల్యే బావమరిదికి భూమి ఉందట. సర్వే నంబరు లేదు, ఎకరాల లెక్క లేదు, పాసు పుస్తకం నకలు లేదు, తహసీల్దారును అడిగిన దాఖలా లేదు. ఊళ్లో అనుకుంటున్నారు, అంతే. అలాంటి కాపీని వెనక్కి పంపాలి. పంపితే మొదటి పేజీలో నాలుగు కాలమ్‌లు ఖాళీ, పది గంటలకు పేజీని అచ్చుకు వదలాలి. అప్పుడు మీరొస్తారు. ‘చెరువు మింగిన ఎమ్మెల్యే’ అంటే లీగల్ వాళ్లు ఒప్పుకోరు. ‘చెరువు మింగిన ఎమ్మెల్యే?’ అంటే అందరూ ఒప్పుకుంటారు. ఒక కొంకి, దాని కింద ఒక చుక్క. లేని ఆధారాలన్నీ అందులో సర్దుకుపోతాయి. మధ్యలో బావమరిది ఎక్కడ జారిపోయాడని కూడా ఎవరూ అడగరు.

మీరు గొడుగు పట్టారనుకుని, వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే డెస్కు ధైర్యంగా ఉంటుంది. చిల్లుల సంగతి చట్టంలో రాసుంది. పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్ మూడో వివరణలో ఉన్నమాటే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనూ ఉంది: నింద ‘ఇదా, అదా’ అన్న రూపంలో ఉన్నా, వ్యంగ్యంగా ఉన్నా, పరువు నష్టం కిందికి రావచ్చు. చివర కొంకి తగిలిస్తే నింద కాకుండా పోతుందని అందులో ఎక్కడా లేదు. ప్రెస్ కౌన్సిల్ నియమావళి ఇంకా సూటిగా చెబుతుంది. హెడ్డింగు కింది వార్తకు తగ్గట్టుండాలి. అందులో ఆరోపణ ఉంటే చేసిందెవరో చెప్పాలి, కనీసం కోట్స్ అయినా పెట్టాలి. కానీ 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్ కౌన్సిల్ చేతికిచ్చింది హెచ్చరిక, మందలింపు, అభిశంసన మాత్రమే. జరిమానా లేదు. అందుకే తమరు నిశ్చింతగా నిద్రపోతున్నారు.

‘కనీసం కోట్స్’ అన్నారు కదా అని మీ తమ్ముళ్లు సింగిల్ కోట్స్ కూడా పనిలో దిగారు. ఎవరన్నారో చెప్పాల్సిన వాళ్లు వెక్కిరింపుకి కుదిరారు. ‘భూ’బకాసురులు, ‘మట్టి’ మాయగాళ్లు అంటూ ఒక్క ముక్కను బోనులో పెడితే అది మాటా కాదు, ఆరోపణా కాదు, కానీ చదివేవాడికి రెండూ అందుతాయి. పథకం పేరు మామూలుగా రాస్తే పథకం. అదే పేరును కోట్స్‌లో బిగిస్తే బూటకం. సాక్ష్యం అడిగితే, పేరే కదా రాశాం అంటారు.

అసలు మీ ప్రతిభ ఎవరి పేరు పక్కన నిలబడాలో తెలియడంలో ఉంది. ఒకే ఆరోపణ మీద ఒక పత్రికలో ‘మంత్రికి ముడుపులు?’, పక్క పత్రికలో ‘దుష్ప్రచారాన్ని ఖండించిన మంత్రి’. ఏది ఏ పత్రికో చెప్పనక్కర్లేదు, తెలుగు పాఠకుడు పేపరు పేరు మూసేసినా చెప్పేస్తాడు. ఎన్నికల్లో ప్రభుత్వం మారితే మీరూ రాత్రికి రాత్రి కాపురం మారుస్తారు. క్రియాపదాలదీ ఇదే తీరు. వార్తా ఏజెన్సీ కాపీలో ఆయన ‘అన్నారు’, అంతే. అనువాదమయ్యేసరికి మనవాడు ‘స్పష్టం చేశారు’, అవతలివాడు ‘అక్కసు వెళ్లగక్కారు’. రెండోది తిట్టని అందరికీ తెలుస్తుంది. మొదటిది ఎవరికీ దొరకదు. ఆయన చెప్పింది నిజమేనని డెస్కు వేసిన ముద్ర అది. అనుమానం వస్తే ఇద్దరి పేర్లూ అటూ ఇటూ మార్చి చదివితే చాలు. అప్పటికీ ఆ క్రియతోనే పేజీ వదలగలిగితే ఉంచొచ్చు. చాలాసార్లు ‘అన్నారు’ దగ్గరికే తిరిగి రావాలి. పాపం, అది బొత్తిగా చప్పగా ఉంటుంది.

నేర వార్తల దగ్గర మాత్రం మీతో పరాచికాలు ఆడబుద్ధి కాదు. ‘ప్రియుడితో కలిసి కడతేర్చిందా?’ హత్య కేసులో నిందితురాలు జైల్లో ఉంటే 90 రోజుల్లోపు అభియోగపత్రం వేయాలి, లేకుంటే ఆమెకు బెయిలు హక్కు. పోలీసులకే అంత గడువుంటే మీకు ఒక్క రాత్రి చాలు. పైగా ఆ ప్రియుడు ఉన్నాడన్నదీ పక్కింటివాళ్ల మాటే. మీరు ‘కడతేర్చిందా’ అని అడిగారే తప్ప ‘ప్రియుడున్నాడా’ అని అడగలేదు. సగం నింద మీ దాకా రాకుండానే ఖాయమైపోయింది. కేసు కొట్టేస్తే ఆ వార్త ఎనిమిదో పేజీలో సింగిల్ కాలమ్. అక్కడికి మీరు రారు.

మీరు లేకుండా పని నడుస్తుందా అంటే, నడుస్తుంది. ఊళ్లో అనుకుంటున్నదాన్ని పేరు పెట్టి అనే మనిషి దొరికితే ‘శిఖంలో ఎమ్మెల్యే బావమరిదికి భూమి: మాజీ సర్పంచి ఆరోపణ’ అని పైన, ‘రికార్డులు చూసి చెబుతా: తహసీల్దారు’ అని కింద. పొడవెక్కువైతే 60 పాయింట్ల అక్షరాన్ని 54కి దించితే పడుతుంది. దొరక్కపోతే కాపీ ఒకరోజు ఆగుతుంది, చెరువు ఎక్కడికీ పోదు. ఎమ్మెల్యే వివరణ వార్త అడుగున కాదు, రెండో పేరాలోనే ఉండాలి. చివరి నిమిషంలో యాడ్ వస్తే కాపీని కోసేది కింది నుంచే, ముందు ఎగిరేది ఆ వివరణే. ‘అందుబాటులోకి రాలేదు’ అని రాస్తే ఎన్నింటికి, ఎన్నిసార్లు ఫోన్ చేశారో కూడా రాయాలి. రాత్రి 9.40కి ఒక్కసారి చేశామని అచ్చులో చదువుకుంటే ఆ మాట ఎంత బలహీనమో రాసినవాళ్లకే అర్థమవుతుంది.

కాబట్టి తమరిని రాజకీయ పేజీల నుంచి బదిలీ చేస్తున్నాం. పిల్లల పేజీ క్విజ్‌లోనూ, డాక్టరు సలహాల్లోనూ ఖాళీలున్నాయి. అక్కడ మీ కింద జవాబు కూడా అచ్చవుతుంది. కొత్తలో ఇబ్బందిగా ఉంటుంది, అలవాటు పడండి.

ఇట్లు,
రాత్రి షిఫ్టు డెస్కు

తా.క.: ఈ ఉత్తరాన్ని పేజీకి ఇస్తే మొదట వచ్చిన హెడ్డింగు ‘ప్రశ్నార్థకంపై వేటు?’