ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గారి సముఖానికి ఒక అర్జీ

పరిశోధన పత్రికల్ని (జర్నళ్లని) అంకెతో తూచే మహారాజశ్రీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గారికి, భూగర్భశాస్త్రం చెప్పుకుని బతికే ఒక మాస్టారు రాసుకుంటున్న అర్జీ.

తమరు నన్నెరగరు. నేను మాత్రం తమర్ని బాగా ఎరుగుదును. కొన్నేళ్ల కిందట ఒక ప్రొఫెసర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లాను. బల్లకి అవతల కూర్చున్న పెద్దాయన నా పేపర్లలో ఒక్కటీ తెరవలేదు. జేబులోంచి ఫోన్ తీసి, కాలిక్యులేటర్ తెరిచి, నా పేపర్లు పడ్డ జర్నళ్ల పక్కనున్న తమరి అంకెల్ని కిరాణా కొట్టు చిట్టాలాగా కూడారు. ఒకసారి తప్పొచ్చిందని మళ్లీ కూడారు. "మీది 4.236 అండీ. ఇందాక వచ్చినాయనది 4.241," అన్నారు. మొహంలో నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించింది. ఉద్యోగం ఆ ఇందాక వచ్చినాయనకే వెళ్లింది.

తమరు ఒక జర్నల్ తాలూకు సగటు అని, సగటుల్ని కూడకూడదని అప్పుడు నోరు తెరిచి చెప్పలేకపోయాను. అనంతపురం, విశాఖ, ఆదిలాబాద్ సగటు వానలు కూడేసి, మా పెరట్లో ఇంత కురిసిందని చెప్పుకోవడం లాంటిదది. కానీ టీ ఇంకా తాగుతున్నారు, వాళ్ల టైం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తర్వాత చదివాను. తమరిది ఫిలడెల్ఫియా. ఎవరు ఎవర్ని ఉదహరించారో సూచీ కట్టాలని 1955లో సైన్స్ పత్రికలో రాసిన యూజీన్ గార్‌ఫీల్డ్ తమరి తండ్రి. 1960ల మొదట్లో ఆయన ఇర్వింగ్ షేర్‌తో కలిసి తమర్ని పెంచింది, ఏ జర్నళ్లని తన సూచీలో చేర్చుకోవాలో తేల్చుకోవడానికి. ఏ జర్నల్‌కి చందా కట్టాలో తెలియక బుర్ర గోక్కునే లైబ్రేరియన్లకీ ఆ తర్వాత అక్కరకొచ్చారు. లెక్క కూడా సాదాసీదాదే: గత రెండేళ్లలో ఒక జర్నల్ వేసిన వ్యాసాలకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లు, అంటే ఇతరులు ఉదహరించిన సార్లు, ఎన్నో చూసి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగించడం. అలమరాలో ఏది ఉంచాలో చెప్పే చిన్న ఉద్యోగం తమరిది. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని మావాళ్లు ఊరికే అనలేదు.

ఆ కొరుకుడు బాగా కనపడాలంటే చిన్న దేశాన్ని చూడాలి. మాలాంటి పెద్ద దేశంలో ఇలాంటి సంగతులు జనసంద్రంలో కలిసిపోతాయి. యూజీసీ వారు 2019లో మంచి జర్నళ్ల జాబితా ఒకటి పెట్టి 2025లో ఎత్తేస్తే, మా స్టాఫ్ రూమ్‌లో రెండు రోజులు మాట్లాడుకుని మూడో రోజు క్రికెట్‌లో పడ్డారు. అందుకని సెర్బియా సంగతి చెబుతాను. 2022 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవాళ్లు 66 లక్షలు, మా హైదరాబాద్ కంటే తక్కువ. కానీ వాళ్ల నోట్ల మీద శాస్త్రవేత్తల బొమ్మలుంటాయి. 100 దినార్ల మీద నికోలా టెస్లా, 2000 మీద మిలుతిన్ మిలాంకోవిచ్. నేను క్లాసులో ఏటా బోర్డు మీద గీసేది ఆ రెండో ఆయన లెక్కల్నే. ఆ దేశం మీద నాకున్న మమకారం అక్కడినుంచి వచ్చింది.

1992లో ఐక్యరాజ్యసమితి, సెర్బియా అప్పట్లో భాగంగా ఉన్న యుగోస్లావియా మీద ఆంక్షలు పెట్టినప్పుడు చమురు, సరుకులతో పాటు శాస్త్ర సహకారాన్ని కూడా ఆపేశారు. జర్నళ్లు రావు, కాన్ఫరెన్సులకి పోలేరు. అలా చితికిన చోట సైన్సుని మళ్లీ లేపాలనుకున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే లేపడానికి పట్టుకున్న కర్ర తమరు. తమరి వరస చూసి జర్నళ్లకి ఎం21, ఎం22, ఎం23 అని తరగతులు కట్టి, వాటికి 8, 5, 3 చొప్పున పాయింట్లు పెట్టారు. ప్రమోషన్ కావాలన్నా, పీహెచ్‌డీ చేతికి రావాలన్నా జాబితాలో ఉన్న జర్నల్లో పేపర్ పడాలి. పేపర్లు పడ్డాయి. గ్రాఫు లేచింది. 2012లో వాళ్ల రాజధాని బెల్‌గ్రేడ్‌లోని విశ్వవిద్యాలయం, ప్రపంచ విశ్వవిద్యాలయాలకి వరస కట్టే షాంఘై ర్యాంకుల మొదటి 500లోకి ఎక్కింది. ఆ ర్యాంకులో అయిదో వంతు మార్కులు పేపర్ల సంఖ్యకే. అందులో కష్టపడి చేసిన మంచి పని చాలా ఉంది, ఆ మాట ముందే చెప్పాలి.

దాని పక్కనే రొమేనియా నుంచి మెటలుర్జియా ఇంటర్నేషనల్ అనే జర్నల్ కూడా ఉంది. పేరు లోహశాస్త్రం. తమరి జాబితాలో చోటుంది. సెర్బియా నుంచి దానికి పేపర్లు వరదలా వెళ్లాయి, అందులో లోహం ఉందా లేదా అని అడిగే నాథుడు లేడు. ఇది చూసి ఒళ్లు మండిన ముగ్గురు సెర్బియా పరిశోధకులు 2013లో దానికి ఒక వ్యాసం పంపారు. యాదృచ్ఛిక డేటాని శుద్ధి చేయడానికి పనికొచ్చే పరివర్తనాత్మక హెర్మెన్యూటిక్ హ్యూరిస్టిక్స్‌ని మదింపు చేయడం దాని విషయం. అర్థం కాలేదా? అందులో అర్థమంటూ ఏమీ లేదు. రచయితల ఫోటోలకి పెట్టుడు మీసాలు, విగ్గులు. ఆధారాల్లో మైకేల్ జాక్సన్, ఆధునిక తర్కరహిత అధ్యయనాల పత్రిక. అచ్చయింది! జాక్సన్ గారికి కూడా ఒక సైటేషన్ పెరిగిందన్నమాట. ఆ తర్వాత ఆ జర్నల్‌ని జాబితాలోంచి తీసేశారు. ఆ ముందు రోజు దాకా అందులో పేపర్ ఉన్నవాడు శాస్త్రవేత్తే.

ఇంకో దారీ ఉంది, ఇందులో మోసం లేదు. హిగ్స్ కణం బరువు గురించి జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనశాలలోని రెండు బృందాలు 2015లో కలిసి వేసిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 9 పేజీలు విషయం, మిగతా 24 పేజీలు పేర్లూ ఊళ్లూ. మా ఊరి గుడి కట్టినప్పుడు చందాదార్ల పేర్లు చెక్కిన బండ గుర్తొచ్చింది నాకు. ఆ బృందాల్లో బెల్‌గ్రేడ్ వాళ్లూ ఉన్నారు. ఆ పని గొప్పది, వాళ్ల వాటా నిజమైనదే. కానీ పేపర్‌కి వచ్చిన ప్రతి సైటేషన్‌నీ ప్రతి దేశం ఖాతాలో నిండుగా వేసుకుంటే, పెద్ద దేశానికి అది చెంచాడు, చిన్న దేశానికి బిందెడు.

ఇక మిలాంకోవిచ్ గారి దగ్గరికి వద్దాం. భూమి కక్ష్య కోలగా సాగే తీరు సుమారు లక్ష ఏళ్లకీ, ఇరుసు వంపు 41 వేల ఏళ్లకీ మారుతుంటాయి, వాటివల్లే మంచుయుగాలు వచ్చిపోతాయని ఆయన చేత్తో లెక్కలు కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన్ని పట్టుకుని జైల్లో పెడితే, ఆ గదిలోనే కాగితాలు తీసి పని మొదలుపెట్టిన మనిషి. ముప్పై ఏళ్ల పని 1941లో పుస్తకంగా అచ్చవుతుండగా ఏప్రిల్ 6న జర్మన్లు బెల్‌గ్రేడ్ మీద బాంబులు వేశారు. అచ్చాఫీసు నేలమట్టమైంది. అచ్చయిన కాగితాలు గిడ్డంగిలో ఉండబట్టి చాలావరకు మిగిలాయి.

ఇప్పుడు తమరి రెండేళ్ల లెక్క వేద్దాం. 1942, 1943. బెల్‌గ్రేడ్ జర్మన్ల చేతిలో ఉంది, ఎవరూ ఎవర్నీ ఉదహరించే స్థితిలో లేరు. సముద్రం అడుగు మట్టిని తవ్వి, అందులో ఆయన చెప్పిన వరసలే ఉన్నాయని సైన్స్ పత్రికలో రాసింది 1976లో. అప్పటికి 35 ఏళ్లు గడిచాయి. ఆయన 1958లోనే పోయారు. మా ఇంటర్వ్యూ బల్ల ముందు కూర్చుంటే, "పుస్తకానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉండదండీ" అని కాలిక్యులేటర్ మూసేసేవారు.

మా వైపు కథ కూడా ఒకటి విని పొండి. హైదరాబాద్‌లో మొదలైన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. తమరి పేరు అబద్ధంగా వాడుకున్నారన్నది కూడా ఆ ఆరోపణల్లో ఉంది. తమరికి నకిలీలు కూడా ఉన్నారంటే ఇంతకంటే హోదా ఏం కావాలి? ఇంకెవరో నాకు నిన్న మెయిల్ పెట్టారు, "డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్, దంతవైద్యంలో మీ అపారమైన కృషి" అంటూ. రాళ్లు పగలగొట్టేవాడికీ పళ్లు పీకేవాడికీ సుత్తి ఒక్కటే అనుకున్నారేమో.

అసలు అర్జీకి వస్తాను. 2023 నుంచి తమరు మూడు దశాంశ స్థానాలు మానేసి ఒక్కదానితో సరిపెట్టుకుంటున్నారని తెలిసింది. అంత సన్నటి తేడాలకి అర్థం లేదని తమవారికే తోచినట్టుంది. ఆ లెక్కన ఆ రోజు నాదీ 4.2, ఇందాక వచ్చినాయనదీ 4.2. కాబట్టి నా వద్దనుంచి పోయిన 0.005ని, అప్పటినుంచి ఇప్పటిదాకా జీతం బకాయితో సహా, ఇప్పించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
4.2 (పూర్వాశ్రమంలో 4.236)