ఆల్ట్రూయిజం అంటే లాభం లేకుండా చేయడమేనా?

ఎవరైనా మంచి పని చేశారని తెలియగానే వెనకాలే ఒక మాట వినిపిస్తుంది: ఊరికే చేస్తారా, వాళ్లకేదో లాభం ఉండే ఉంటుంది. డబ్బు కాకపోతే పేరు, పేరు కాకపోతే పుణ్యం, అదీ లేదంటే కనీసం మనసుకు తృప్తి. ఏదో ఒకటి దొరికేదాకా వెతికి, దొరకగానే ‘అయితే ఇది ఆల్ట్రూయిజం కాదు’, అంటే ఇతరుల మేలు కోరి చేసింది కాదు అని కొట్టిపారేస్తారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. ఆ మాటను పుట్టించిన మనిషి అసలు ఇలాంటి పరీక్షే పెట్టలేదు.

ఆయన ఫ్రెంచ్ తత్వవేత్త ఆగస్ట్ కామ్టే. సోషియాలజీ అనే పేరు వాడుకలోకి వచ్చింది కూడా ఆయన వల్లే. 1850ల మొదట్లో ఆయన రచనల్లో ‘ఆల్ట్రూయిజం’ కనిపిస్తుంది. ఇటాలియన్‌లో ‘ఆల్త్రుయి’ అంటే ఇతరులు, ఇతరులది. దాని మూలం లాటిన్‌లోని ‘ఆల్టర్’, అంటే మరొకరు. ఫ్రెంచిలో అదే వేరు నుంచి వచ్చిన ‘ఓత్రుయి’ అప్పటికే ఉంది, కామ్టే ఇచ్చిన నినాదం కూడా దానితోనే ఉంటుంది: ఇతరుల కోసం జీవించు. ఇంగ్లీషు రచయిత జార్జ్ హెన్రీ లూయిస్ 1853లో కామ్టే ఆలోచనల మీద రాసిన పుస్తకంతో ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. అంటే దాని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు.

దయ, దానం లాంటి మాటలు అన్ని భాషల్లో ఉండగా కొత్తది ఎందుకు కావాల్సి వచ్చిందన్నదే నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే సంగతి. అప్పటి యూరప్‌లో చాలామంది క్రైస్తవ బోధకులు చెప్పేదేమిటంటే, మనిషి పాపంతోనే పుడతాడు, అతనిలో మంచితనం రావాలంటే దేవుడి కృప కావాలి. దేవుడి ప్రసక్తి లేకుండా నీతిని నిలబెట్టాలనుకున్న కామ్టేకి ఇది కుదరలేదు. మనిషిలో స్వార్థం ఎంత సహజమో, పక్కవాళ్ల పట్ల అనుబంధం, గౌరవం, మంచితనం అంతే సహజమని, పుట్టుకతోనే ఉంటాయని ఆయన వాదించాడు. వాటికి మెదడులో చోట్లు కూడా చూపించబోయాడు, ఆ శాస్త్రం తర్వాత నిలబడలేదనుకోండి. కానీ అసలు సంగతి గమనించండి. స్వార్థం లేని మనిషి ఉంటాడని ఆయన అనలేదు, స్వార్థమే ఎక్కువ బలంగా ఉంటుందని ఒప్పుకున్నాడు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి కాబట్టి రెండోదాన్ని పెంచుకోవాలన్నాడు, అంతే.

ఆయన అతి చేసిన మాట కూడా నిజమే. మనిషికి హక్కులంటూ లేవు, బాధ్యతలే ఉన్నాయనేదాకా వెళ్లాడు. 1865లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ దీన్ని గట్టిగా విమర్శించాడు. ఇంకొకరికి హాని చేయకుండా తన సంతోషం తాను చూసుకునేవాడిలో తప్పేముందన్నది ఆయన అభ్యంతరం. ఈ విషయంలో నేను మిల్ పక్షమే.

తర్వాత జీవశాస్త్రం ఈ మాటను తీసుకుని అర్థం మార్చేసింది. ఒక జీవి తన సంతానావకాశాలు తగ్గించుకుని ఇంకో జీవి అవకాశాలు పెంచితే దాన్ని ఆల్ట్రూయిజం అంటారు, మనసులో ఏముందన్నది లెక్కలోకి రాదు. తేనెపట్టును కాపాడటానికి కుట్టి చచ్చిపోయే తేనెటీగ దీనికి ఉదాహరణ. అలాంటి ప్రవర్తన రక్తసంబంధీకుల మధ్య ఎలా నిలబడుతుందో 1964లో విలియం హామిల్టన్ లెక్కకట్టి చూపించాడు, ఇచ్చిపుచ్చుకోవడం ద్వారా ఎలా నిలబడుతుందో 1971లో రాబర్ట్ ట్రివర్స్ వివరించాడు. రెండూ గొప్ప పనులే. చిక్కల్లా వీటిని చదివి ‘చూశారా, అంతా జన్యువుల స్వార్థమే’ అని మనుషుల మనసుకు అంటగట్టడంలో ఉంది. తల్లిప్రేమ పరిణామక్రమంలో ఎందుకు పుట్టిందన్నది ఒక ప్రశ్న, అర్ధరాత్రి జ్వరంతో ఉన్న బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్న తల్లి ఏం కోరుకుంటోందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పినంత మాత్రాన రెండోదానికి చెప్పినట్టు కాదు.

ఇక తృప్తి సంగతి. ఒకాయన ముక్కూమొహం తెలియని రోగి కోసం రక్తం ఇచ్చాడనుకోండి. చేతిలో మెత్తటి బంతి నొక్కుతూ పడుకున్నాడు, పక్కన సంచీ మెల్లగా నిండింది, లేచి పోనీలే ఒక మంచి పని చేశాం అనుకుంటూ ఇంటికెళ్లాడు. తృప్తి దొరికింది కదా. మర్నాడు ఫోనొచ్చింది, ఫ్రిజ్ పాడై ఆ రక్తం పనికిరాకుండా పోయిందని. ఆయనకు కావాల్సింది తన తృప్తే అయితే అది నిన్ననే ముట్టింది, ఇక బాధపడాల్సిన పనే లేదు. కానీ అయ్యో అంటాడు. ఆ రోగికి వేరే రక్తం దొరికిందా అని అడుగుతాడు, అవసరమైతే మళ్లీ వస్తానంటాడు. ఆయన కోరుకున్నది రోగి బతకాలని. తృప్తి ఆ కోరిక వెంట వచ్చింది, వస్తే వచ్చింది.

తెలుగులో దీనికి నిస్వార్థం అని, పరోపకారం అని రెండూ వాడతాం. మొదటిది ఇచ్చేవాడిలో ఏం లేదో చూస్తుంది, రెండోది అవతలివాడికి ఏం అందిందో చూస్తుంది. కామ్టే మాటకు దగ్గరగా ఉన్నది రెండోదే. మనం మాత్రం రోజంతా మొదటిదాని గురించే కొట్టుకుంటాం. సాయం చేసి ఫోటో పెట్టుకున్నవాడిని పేరు కోసం చేశాడని తిడతాం. ఆ ఫోటోలో సాయం అందుకుంటూ మొహం కనిపించేవాడిని ఒక్కమాటైనా అడిగారా, వాడికి అది అవమానంగా ఉందా అని ఎవరూ ఆరా తీయరు. ఇచ్చిన వస్తువు వాడికి అవసరమా కాదా అన్నదీ ఎవరికీ పట్టదు.

ఆ దిక్కుగా చూసే ప్రయత్నాలు లేకపోలేదు. ఇచ్చిన డబ్బు నిజంగా ఎంతమందికి, ఎంత మేలు చేసిందో లెక్క చూడాలంటూ 2010 తర్వాత ‘ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం’ పేరుతో ఒక ఉద్యమం పెరిగింది. మనుషుల కష్టాలను అంకెల్లో కొలిచే వాళ్ల పద్ధతితో నాకు పేచీ ఉంది, ఎదురుగా ఉన్న మనిషి కంటే దూరంగా ఉన్న అంకె పెద్దదైపోయే ప్రమాదం అందులో కనిపిస్తుంది. అయినా దాత మనసు ఎంత స్వచ్ఛమైనదో తవ్వే పని పక్కన పెట్టి, అందుకున్నవాళ్లకు, ఉదాహరణకు, మలేరియా తగ్గిందా లేదా అని వాళ్లు అడుగుతున్నారు. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే.