మహారాజశ్రీ ప్రోటీన్ స్కిమ్మర్ గారి సముఖానికి

అయ్యా,

మా ఉప్పునీటి అక్వేరియంలో నురగ లేపి, ఆ నురగతో నీళ్లలోని మురికిని కప్పులోకి తోడిపోసే యంత్రమైన తమరికి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ కాబట్టి అంటున్నాను. నిజానికి కుశలంగా ఉన్నది తమరొక్కరే. మేం ఇక్కడ నేల తుడుచుకుంటున్నాం.

రాత్రి పడుకునే ముందు చూస్తే తమరి నురగ బుద్ధిగా మెడ దగ్గరే ఆగి ఉంది. తెల్లారేసరికి కప్పు నిండింది, కప్పు నుంచి ట్యూబు గుండా బాటిల్ నిండింది, బాటిల్ పొంగి క్యాబినెట్ తలుపు కింద నుంచి ఉప్పునీరు హాల్లోకి నడిచొచ్చింది. అంతటితో ఆగినా తమరి పరువు దక్కేది. ట్యాంకు కింది తొట్టి, అదే సంప్‌లో మట్టం తగ్గడం చూసి, తగ్గిన నీళ్లను తనంతట తానే పోసే పరికరం, పాపం ఏటీవో, నీళ్లు ఆవిరైపోయాయి కాబోలు అనుకుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది కాబట్టి మంచినీళ్లు పోయడం దాని డ్యూటీ. తమరు ఉప్పుతో సహా తోడేస్తున్నారని దానికెలా తెలుస్తుంది? తమరు తోడటం, అది ఆర్వో నీళ్లు పోయడం. రాత్రంతా ఇదే భాగోతం.

పొద్దున నీళ్లలో ఉప్పెంతో చూపే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.021. నిన్న 1.025. గాజు మీద చుక్క సరిగా పరుచుకోలేదేమోనని మళ్లీ చూశాను. మీటర్ నిజమే చెబుతోందో లేదో తేల్చే, వెయ్యికి 35 పాళ్ల ఉప్పు (35 పీపీటీ) లెక్క ద్రావణం వేసి చూశాను, గీత ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. నత్తలు మాత్రం నన్ను నమ్మి కూర్చోలేదు, ఎప్పుడో తలుపులు వేసుకున్నాయి. ఇప్పుడు బకెట్‌లో విడిగా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా, ఒకటి రెండు రోజులు సాగదీసి పోయాలి. ఒక్కసారిగా పెంచితే ఆ మిగిలిన ప్రాణాలకూ ముప్పే.

బాక్స్ మీద ఏం రాశారు? నిశ్శబ్దంగా పనిచేస్తుంది, సర్దుబాటు సులువు అని. ఆ సులువు సంగతే చెప్పాలి. తమరికి ఒక నాబ్ ఉంది. వెంట్రుకవాసి తిప్పితే కప్పు పొంగుతుంది, వెంట్రుకవాసి వెనక్కి తిప్పితే నురగ అసలు పైకే రాదు. తిప్పిన ఫలితం తెలియడానికి గంటలు పడుతుంది. సరే, నీటి మట్టమే తేడా ఏమోనని తమరిని కాస్త ఎత్తులో కూర్చోబెడదామని చేయి పెడితే, చేతికున్న జిడ్డుకే నురగ చచ్చి ఊరుకుంటుంది. సర్దాలంటే ముట్టుకోవాలి, ముట్టుకుంటే అలుగుతారు.

కొత్త ప్లాస్టిక్, ఫ్యాక్టరీ జిడ్డు వదలాలి, లోపల సన్నని పొర పట్టాలి, వారం రెండు వారాలు ఓపిక పట్టమన్నారు. పట్టాం. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇంకెన్నాళ్లు కొత్తపెళ్లికొడుకు వేషాలు?

మిగతావాళ్లు పతివ్రతలని కాదు. హీటర్ డయల్ 25 డిగ్రీలంటే థర్మామీటర్ 27 అంటుంది. నీళ్లలో అలలు లేపే వేవ్‌మేకర్ ఇసుకంతా ఒక మూలకు ఊడ్చి, ఇంకో మూల గాజు అడుగు కనిపించేలా చేసింది. వైర్ల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. కరెంటు పోయినప్పుడు పైపుల్లోంచి వెనక్కి దిగే నీళ్లను సంప్ ఎలాగో మింగుతోంది, అదొక్కటే ఈ ఇంట్లో మాట మీద నిలబడింది. వీళ్లందరినీ క్షమించగలను, ఎందుకంటే వీళ్లెవరూ పక్కవాడి చేత తప్పు చేయించలేదు.

నువ్వు చేయించావు. అవును, ఇక ‘తమరు’ నా నోటికి రావడం లేదు. ట్యాంకులో ఉన్నవి రాళ్లు, నాలుగు నత్తలు. చేపే లేదు, చేప తిండి లేదు, చెప్పుకోదగ్గ మురికే లేదు. ఇంత ఖాళీ నీళ్లలో ఏం చూసుకుని పొంగావురా బాబూ? పనుంటే పొంగినా సరే అనుకునేవాణ్ణి. పనిలేకుండా పొంగేవాడికి కరెంటెందుకు, పంపెందుకు, ఇంత ఠీవిగా క్యాబినెట్‌లో సగం చోటెందుకు?

తీసి బయట పెడదామనే కప్పు ఊడదీశాను. మెడ లోపల అంచు చుట్టూ గోధుమరంగు జిడ్డు, వేలి మందాన కూడా లేదు. తుడిచి వాసన చూశాను. కుళ్లిన కంపు! అంటే ఈ నాటకం మధ్యలో ఎక్కడో, మాకు చెప్పకుండా, కాస్త పని కూడా చేశావన్నమాట. సంతోషించాను, సంతోషించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కాబట్టి శిక్ష తగ్గించాను. ఇకమీదట ఏటీవో డబ్బాలో ఒక రోజుకు సరిపడా నీళ్లే ఉంటాయి. నీ బాటిల్‌లో ఫ్లోట్ స్విచ్ పెడుతున్నాను. అది పైకి తేలిన క్షణం నీ పంపుకు కరెంటు ఆగిపోతుంది. తర్వాత నీ ఇష్టం, పొంగాలనిపిస్తే గాలి లేకుండా పొంగి చూపించు.

ఇట్లు,
తడి గుడ్డ పిండుతూ,
నీ కరెంటు బిల్లు కట్టేవాడు