పిచ్చుక మీద బ్లూటూత్

పోలండ్‌కి ఈశాన్య మూల గోన్యోంత్స్ అనే చిన్న ఊరుంది. పేరు పలకడం పట్టుబడేసరికి సగం ప్రయాణం అయిపోతుంది. 2,000 లోపు జనం, ఒక చర్చి, దాని దిగువన మెలికలు తిరుగుతూ పోయే బ్యెబ్జా నది, నదికి అటూ ఇటూ కనుచూపు మేర చిత్తడి. 1993లో ఏర్పడిన బ్యెబ్జా జాతీయ పార్కు ఆ చిత్తడిని కాపాడుతోంది. సుమారు 592 చదరపు కిలోమీటర్లు. పోలండ్‌లో అంతకన్నా పెద్ద జాతీయ పార్కు లేదు. వసంతంలో నది పొంగి బీళ్ళన్నీ సరస్సవుతాయి. పక్షులు దిగుతాయి. పక్షుల వెనక మనుషులు దిగుతారు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

ఈ మధ్య మూడో జాతొకటి దిగుతోంది. మెడలో బైనాక్యులర్, భుజాన చంటిపిల్లంత కెమెరా, నడుముకి కొక్కెం తగిలించి వేలాడే గుండ్రటి బ్లూటూత్ స్పీకర్. వీరిని స్పీకర్ స్వాములు అందాం. పక్షి ఉన్న చోటికి వెళ్ళి అది కూసేదాకా ఆగడం వీరి మతంలో మహాపాపం. అందుకని ఆ పక్షి కూతనే ఫోన్‌లోంచి గట్టిగా వినిపిస్తారు. "నా ఇలాకాలోకి ఎవడ్రా వచ్చింది?" అని అది రొమ్ము విరుచుకుని బయటికి రాగానే ఫోటో కొడతారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మన పెద్దలు ఎగతాళికి అన్నారు. వీరు ఆ అస్త్రాన్ని రాత్రంతా ఛార్జింగ్ పెట్టి మరీ తెస్తారు.

శాస్త్రం మరీ ముదిరింది కనుక ఒక పద్ధతంటూ ఉండాలి. స్వాముల సేవలో ఈ చిన్న కరదీపిక.

ముందు కాలనిర్ణయం. ఏప్రిల్‌లో వస్తే వరద నీళ్ళ మీద అడవి బాతుల గుంపులు, నీటి అంచున బతాలియోన్‌లు కనిపిస్తాయి. ఇంగ్లీషు పుస్తకాలు రఫ్ అనే ఈ పక్షే పార్కు చిహ్నం. మగవి మెడ చుట్టూ ఈకల కండువా లేపి, ఆడవాటి ముందు గంతులేసి, ఒకదాని మీదికొకటి ఉరుకుతాయి. కానీ స్వాములకి ఇక్కడ పని దొరకదు. ఇది దాదాపు మూగపోట్లాట. ఎంత వాల్యూమ్ పెంచినా మౌనాన్ని వినిపించే స్పీకరు ఇంకా మార్కెట్లోకి రాలేదు. ఏప్రిల్ దండగ.

అందుచేత ముహూర్తం మే రెండో సగం. అప్పటికి వొద్నిచ్కా వచ్చేసి ఉంటుంది. ఇంగ్లీషులో ఆక్వాటిక్ వార్బ్లర్ అనే బుల్లి పాటల పిట్ట ఇది. బరువు 12 గ్రాములు, అంటే మూడు చెంచాల పంచదార. తల మీద పసుపుపచ్చ చార, వీపున ఎండుగడ్డి రంగు గీతలు. చలికాలం సెనెగల్ వైపు చిత్తడుల్లో గడిపి, సహారా దాటి ఇక్కడికి వస్తుంది. యూరప్‌లో ఇంత ముప్పులో ఉన్న పాడే పక్షులు అరుదు. స్వాములకి కావలసింది కూడా అదే. అరుదైనదైతేనే కదా లైకులు రాలేది!

ఇక దారి. బ్యవిస్తోక్ నుంచి ఎల్క్ వైపు వెళ్ళే రైలు ఎక్కితే ఒసోవ్యెత్స్‌లో దిగొచ్చు. పార్కు కార్యాలయం అక్కడే, టికెట్టు అక్కడే. అక్కణ్ణించి దక్షిణంగా 33 కిలోమీటర్ల పాత రోడ్డుంది, త్సార్స్కా ద్రోగా, అంటే జార్ చక్రవర్తి బాట. దాని మీద మూస్‌లు, అంటే గుర్రమంత దుప్పులు, తాపీగా నడుస్తుంటాయి. 2001 నుంచి పోలండ్‌లో వాటి వేట ఆగింది కాబట్టి వాటికి కంగారు లేదు. కంగారంతా రోడ్డు మధ్య కారాపి, వెనక వచ్చేవాడి ప్రాణాలు గాల్లో పెట్టి, కిటికీలోంచి చెయ్యి చాపి సెల్ఫీ తీసుకునేవాడిది. ఈ రోడ్డు పక్కనే గూగ్నీ దగ్గర ద్వూగా లూకా అనే బల్లబాట ఉంది. తుంగ మధ్యలోకి 400 మీటర్ల చెక్క దారి. రబ్బరు బూట్లు అక్కర్లేదు. దోమల మందు మాత్రం తప్పనిసరి. దోమలు స్పీకరు అవసరం లేకుండానే వస్తాయి.

ఒక హెచ్చరిక. బల్లబాట బురద మీద నిలబడింది కనుక ఊగుతుంది. టెలిస్కోపును 60 రెట్లకి పెడితే, పదడుగుల అవతల ఒకాయన కాలు మార్చినా చూసేవాడికి చిత్తడంతా భూకంపమే. స్టాండు కాళ్ళు పొట్టిగా పెట్టి, 25 రెట్లు దాటకుండా, అందరూ కదలకుండా నిలబడితే పక్షి స్థిరంగా కనిపిస్తుంది. అందరూ కదలకుండా అనే మాట దగ్గరే మన కథ మొదలవుతుంది.

మే నెలాఖరు. పొద్దు ఎనిమిదిన్నర దాటితే గాని గుంకదు. వొద్నిచ్కా ఎక్కువగా కూసేదీ ఆ వేళకే. బాట మీద ఇరవై మంది. బాట మొదట్లో ఒక స్వామి, చివర్లో ఒక స్వామి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మొదటి స్వామి మీట నొక్కారు. "టర్‌ర్‌ర్‌ర్... డీ డీ డీ." చివరి స్వామి ఒళ్ళు పులకరించింది. అదిగో, కూసింది! జవాబుగా తన మీట నొక్కారు. "టర్‌ర్‌ర్‌ర్... డీ డీ డీ." మొదటి స్వామికి చెమటలు పట్టాయి. జవాబిస్తోంది! వాల్యూమ్ రెండు గీతలు పెంచారు. మధ్యలో ఒకాయన పక్షుల పేర్లు చెప్పే యాప్ తెరిచారు. యాప్ తడుముకోకుండా చెప్పింది, వొద్నిచ్కా. "రెండు మగవి" అని గుసగుస. "కాదు, మూడు" అని ఇంకో గుసగుస. మూడోది యాప్ వినిపించిన నమూనా కూత. నోటు పుస్తకాల్లో మూడు ఎక్కింది.

ఇద్దరు స్వాములూ వంగి, లెన్సు ముందు, తాము వెనక, పిల్లి నడకతో ఎదురెదురుగా బయల్దేరారు. మధ్యలో ఉన్నవాళ్ళు కడుపులు లోపలికి పీల్చి దారిచ్చారు. ఒకే సైటు నుంచి దింపుకున్న ఒకే రికార్డింగు అది. రెండింట్లోనూ తొమ్మిదో సెకనుకి వెనకాల ఎక్కడో ఒక కోకిల కూస్తుంది, పదకొండో సెకనుకి ఎవరో దగ్గుతారు. పది సార్లు కోకిల కూసింది, పది సార్లు ఆ అజ్ఞాత వ్యక్తి దగ్గాడు. ఎవరికీ అనుమానం రాలేదు. సరిగ్గా 200 మీటర్ల దగ్గర రెండు లెన్సులు ముఖాముఖి అయ్యాయి. రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి ఇలాకా వదిలి పొమ్మని గర్జిస్తుండగా, ఒకదాని లోంచి ఇంగ్లీషులో ఒక ఆడగొంతు, బ్యాటరీ తగ్గిందని ప్రకటించింది. "ఎగిరిపోయింది" అన్నారు వెనకున్నవాళ్ళు.

వాళ్ళకి ముప్పై మీటర్ల వెనక, తుంగ కొసకెక్కి అసలు వొద్నిచ్కా నాలుగు సెకన్లు కూసి దిగిపోయింది. ఆ నాలుగు సెకన్లూ ఇరవై వీపులే దానికేసి చూశాయి.

దీని మీద చట్టం లేదా అంటారేమో. ఉంది. పోలండ్ 2004 ప్రకృతి పరిరక్షణ చట్టం జాతీయ పార్కుల్లో నిశ్శబ్దాన్ని చెడగొట్టడాన్నీ, జంతువుల్ని కావాలని బెదరగొట్టడాన్నీ నిషేధించింది. స్వాముల వాదన వేరు. "మేం బెదరగొట్టడం లేదు, పిలుస్తున్నాం" అంటారు. అర్ధరాత్రి మీ గుమ్మం ముందు మైకు పెట్టి "బయటికి రారా" అని అరిచినవాడు కూడా పిలిచినట్టే మరి.

ఇంతసేపూ నవ్వుకున్నాం గానీ, ఆ పక్షి సంసారం సంగతి తెలిసినవాడికి ఇది నవ్వులాట కాదు. ఈ జాతిలో మగది గూడు కట్టదు, గుడ్లు పొదగదు, పిల్లలకి ఒక్క పురుగు తేదు. కూయడం వరకే. మిగతాదంతా ఆడదాని ఒక్కదాని నెత్తిన. గూడు తుంగ మొదట్లో, ఎండుగడ్డి చాటున, దాదాపు నేలనంటి ఉంటుంది. "ఇంకో రెండడుగులే" అంటూ బాట దిగినవాడి బూటు కింద ఏం నలిగిందో వాడికి ఎప్పటికీ తెలియదు. వాడు గూటి పక్కన అరగంట నిలబడితే, ఆ అరగంటా తల్లి నోట పురుగు కరుచుకుని దూరంగా తచ్చాడుతుంది. వేరే ఎవరూ రారు. తండ్రికి ఆ పిల్లల ఊసే పట్టదు. పిల్లల్ని పస్తు పెట్టి తీసిన ఫోటో కింద "ప్రకృతి ప్రేమికుడు" అని రాసుకుంటాడు. సిగ్గుండాలి!

ఆ తుంగ కూడా ఊరికే మిగల్లేదు. పందొమ్మిదో శతాబ్దంలోనే రూజ్కి కాలువలాంటివి తవ్వి ఇక్కడి నీళ్ళు తోడేశారు. అయినా తుంగ బతికింది, రైతులు పశువుల మేతకి కొడవళ్ళతో కోస్తుండేవారు కాబట్టి. ఆ కోత మానేశాక విల్లో పొదలు, రెల్లు కమ్ముకొచ్చాయి. వొద్నిచ్కాకి బయలు కావాలి, పొద పనికిరాదు. చివరికి స్కీయింగ్ కొండల మీద మంచు చదును చేసే యంత్రాలకి వెడల్పాటి పట్టాలు బిగించి, బురదలో దిగబడకుండా, పిల్లలు ఎగిరిపోయాక ఆ తుంగ కోయిస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో మంచు పడని చలికాలం తర్వాత ఎండిన చిత్తడి అంటుకుని 5,000 హెక్టార్లకు పైగా కాలింది. చిత్తడి కాలడమేమిటంటారా? నీళ్ళు పోతే అడుగున మిగిలేది వేల ఏళ్ళుగా పేరుకున్న ఎండు చెత్తే. చిత్తడిని పనికిరాని నేల అనే పెద్దమనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ప్రపంచం మొత్తమ్మీద ముఖ్యమైన చిత్తడి నేలల పట్టీ, అంటే రామ్‌సార్ జాబితాలో బ్యెబ్జా 1995లో చేరింది, మన కొల్లేరు 2002లో చేరింది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు చూసినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. కాలువల్ని, పొదల్ని, మంటల్ని తట్టుకుని నిలబడ్డ 12 గ్రాముల ప్రాణి మీద ఇప్పుడొక బొమ్మ స్పీకరు!

సరే, కరదీపికలో చివరి అధ్యాయం, దుబెల్త్. ఇది ఉల్లంకిపిట్టల్లో భారీ రకం. మునిమాపు వేళ మగవన్నీ ఏటా అదే బీడులో చేరి, ముక్కు పైకెత్తి, తోక తెల్ల ఈకలు తళుక్కుమనిపిస్తూ కూస్తాయి. గచ్చు మీద గోళీ పడి ఎగిరి ఎగిరి ఆగినట్టుంటుంది ఆ చప్పుడు. బాటమీదే నిలబడి, దీపాలార్పి, చెవులు అటు పెడితే చాలు. స్వాములు ఇక్కడ స్పీకరుతో ఆగరు, తలకి టార్చి కూడా కట్టుకొస్తారు. స్వీడన్‌లో పరికరాలు కట్టి చూసిన దుబెల్త్‌లు ఎక్కడా ఆగకుండా 4,000 కిలోమీటర్లకు పైగా ఎగిరి ఆఫ్రికా చేరాయి. అంత ఓపికున్న పక్షి కూడా ఈ టార్చి వెలుగుకి పాట ఆపేసి గడ్డిలో నక్కుతుంది.

పదకొండింటికి స్వాములవారు గోన్యోంత్స్‌లో బసకి చేరతారు. కిటికీ కింద గడ్డి బీడు. అక్కడ దెర్కాచ్ అనే గడ్డిబీళ్ళ పక్షి (ఇంగ్లీషులో కార్న్‌క్రేక్) ఒకటి మొదలెడుతుంది, "క్రెక్స్ క్రెక్స్, క్రెక్స్ క్రెక్స్," దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు, తెల్లవార్లూ. దీన్ని ఒక్కసారి వినడానికి పశ్చిమ యూరప్ నుంచి జనం టికెట్టు కొనుక్కుని వస్తారు. స్వాములవారు దుప్పటి ముసుగు తీసి, మెట్లు దిగి, ఇంటాయన తలుపు కొట్టారు.

"ఏమండీ, బయట ఆ గరగర ఏమిటి? కాస్త ఆపిస్తారా?"

"ఆగదండీ," అన్నాడాయన కళ్ళు నులుముకుంటూ. "దానికి స్విచ్చుండదు."