ఆ కాపీ ఎక్కడ?

మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటి పట్టున ఉండాల్సిన పిల్లలు మండుటెండలో నోటుబుక్కు పట్టుకుని గడప గడపా తిరుగుతారు. ఇంట్లో ఎంతమంది, తాగే నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి వాడుతున్నారా, షుగరూ బీపీ ఉన్నవాళ్లు ఎవరు, పంటకు అప్పు ఎక్కడ తెచ్చారు అని అడిగి రాసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లకు ఈ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2020-21లో సిలబస్ మార్చి తెచ్చారు. 180 గంటల పని. చేయకపోతే క్రెడిట్లు రావు.

దీనికోసం రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మంచి మాట ఉంది. చివరి వారంలో విద్యార్థి తన పనంతా వివరంగా నివేదిక రాయాలి. దాని కాపీ ఒకటి స్థానిక అధికారులకు ఇవ్వాలి. మరుసటి బ్యాచ్ ఆ ఊరికి వెళ్లినప్పుడు ఆ నివేదికే వాళ్లకు ఆధారం కావాలి. రాసినవాళ్లు ఎంతో ఆలోచించి రాశారు. మేం అడుగుతున్నది ఒక్కటే. ఆ కాపీ ఎక్కడ?

డిగ్రీ విద్యార్థి రాసిన నివేదిక చదివి ఫలానా బోరు బాగు చేయించామనో, ఫలానా వీధికి మురుగుకాలువ వేయించామనో ఒక ఎమ్మెల్యే గానీ ఒక కలెక్టర్ గానీ చెప్పిన సందర్భం మాకు గుర్తులేదు. మెంటార్‌గా ఉన్న లెక్చరర్ సంతకం పెడతారు, మార్కులు పడతాయి, అంతటితో దాని పని అయిపోతుంది. ఏటా వేలాది ఊళ్ల కష్టసుఖాలు ఇలా అటక ఎక్కుతున్నాయి.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఊరికి ఏ పనులు కావాలో ఊరే చెప్పాలన్నారు. మంచిదే. కానీ అంతకు ముందు కొన్నేళ్లుగా అవే ఊళ్లలో అవే ప్రశ్నలు అడిగి తిరిగిన పిల్లలు ఉన్నారు కదా. వాళ్లను పిలిచి, నువ్వు చూసిందేమిటో పది నిమిషాలు చెప్పమ్మా అని అడగాలన్న నిబంధన ఎక్కడుంది? 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో బడి పిల్లలతో మాక్ అసెంబ్లీ జరిపారు. ముఖ్యమంత్రి కూర్చుని చూశారు. పిల్లలు ఎమ్మెల్యేలుగా, మంత్రులుగా నటిస్తే చూడటానికి తీరిక దొరికింది. అదే రాష్ట్రంలో ఊరి నీళ్ల గురించి నిజంగా తెలుసుకుని వచ్చిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి మాట వినడానికి మాత్రం ఏ సభలోనూ చోటు లేదు. ఈ తేడా మమ్మల్ని బాధిస్తోంది.

డిగ్రీ పిల్లల సర్వేల్లో తప్పులుంటాయని, ప్రభుత్వం దగ్గర ఇంతకన్నా పక్కా లెక్కలున్నాయని అధికారులు అనవచ్చు. తప్పులు ఉంటాయి, నిజమే. మరి పనికిరాని లెక్కల కోసం లక్షలమంది పిల్లల్ని ఎండలో ఎందుకు తిప్పుతున్నారు? పనికొస్తాయనుకుంటే చదవాలి, పనికిరావనుకుంటే ఆపేయాలి. తప్పనిసరి చేసి, చదవకుండా పక్కన పడేయడం మాత్రం పిల్లల్ని మోసం చేయడమే.

ఈ మోసం ఫలితం అప్పుడే కనిపిస్తోంది. రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టులు జిరాక్స్ షాపుల్లో దొరుకుతాయని తెలియని కాలేజీ లేదు. ఊరి పేరు, హాల్‌టికెట్ నంబరు మారిస్తే చాలు. తప్పు పిల్లలదే అని తేల్చేయడం తేలిక. కానీ ఎవరూ చదవరని ముందే తెలిసిన కాగితాన్ని నిజాయతీగా రాయమని ఏ నోటితో చెబుతాం? సర్వే అంటే మార్కుల కోసం నింపే ఫారం అని పద్దెనిమిదేళ్లకే నేర్పుతున్నాం. రేపు వీళ్లలోంచే సచివాలయ ఉద్యోగులు, టీచర్లు వస్తారు. ఆ రోజు వాళ్లు దొంగలెక్కలు రాస్తే ఎవరిని నిలదీయాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటాడు. కవిటి, సోంపేట మండలాల నుంచి డిగ్రీకి వచ్చిన పిల్లకు ఏ ప్రశ్న అడగాలో ఎవరూ నేర్పక్కర్లేదు. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో వచ్చిన నిపుణుడికి చెప్పని మాట ఆ ఊరి ఆడవాళ్లు తమ పిల్లకు చెబుతారు. ఆ మాట వినాల్సినవాళ్లే వినడం లేదు.

తెలంగాణలో కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ పేరుతో ప్రభుత్వ డిగ్రీ విద్యార్థుల చేత స్టడీ ప్రాజెక్టులు చేయిస్తోంది, పోటీలు పెట్టి బహుమతులిస్తోంది. అందుకు అభినందించాలి. కానీ సర్టిఫికెట్ చేతికిచ్చి ఫొటో తీసిన తర్వాత ఆ ప్రాజెక్టు ఏ శాఖ బల్ల మీదికి వెళ్తోంది? ఇక్కడా అదే ప్రశ్న.

వాషింగ్టన్‌లో 1997 నుంచి ఏళ్ల తరబడి డిగ్రీ స్థాయి విద్యార్థులు తమ పరిశోధన పోస్టర్లు పట్టుకుని చట్టసభ సభ్యుల ముందు నిలబడ్డారు, తమ ప్రాంత సభ్యుడి ఆఫీసుకు వెళ్లి మాట్లాడారు. బ్రిటన్ పార్లమెంటులోనూ ఇలాంటిదే నడుస్తోంది. అలాగని అక్కడంతా బాగుందని కాదు. 2025లో వైట్‌హౌస్ అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధుల్లో సగానికి పైగా కోత పెట్టాలని ప్రతిపాదించింది. అయితే దాని మీద ఎవరిని నిలదీయాలో, ఏ తలుపు తట్టాలో అక్కడి విద్యార్థికి తెలుసు. మన విద్యార్థికి తన ఎమ్మెల్యే గది తలుపు ఏనాడైనా తెరిచామా?

ఇదేమీ కోట్లు ఖర్చయ్యే పని కాదు. నియోజకవర్గానికి ఏడాదిలో ఒక పూట చాలు. ఎమ్మెల్యే, ఎంపీడీఓ, తహసీల్దారు, మెడికల్ ఆఫీసరు కూర్చోవాలి, పిల్లలు నిలబడి చెప్పాలి. పూలదండలు, స్టేజీ, ఫ్లెక్సీలు వద్దు. ఎవరు ఏం చెప్పారో, దానికి అధికారి ఏం జవాబిచ్చారో రాసి నెల రోజుల్లో కాలేజీకి పంపాలి. ‘ఇది మా వల్ల కాదు’ అన్న జవాబైనా ఫర్వాలేదు, కాగితం మీద రావాలి.

ముందుగా ఒక పని జరగాలి. వచ్చే వేసవి సర్వేకి పిల్లల్ని పంపే లోపు, పోయినేడు వచ్చిన నివేదిక కాపీని ప్రతి పంచాయతీ కార్యదర్శీ బయటికి తీసి చూపించాలి. అది దొరకని ఊళ్లో ఇంకో బ్యాచ్ చేత అవే తలుపులు కొట్టించే హక్కు ఉన్నత విద్యామండలికి లేదు.